జడ్చర్ల – మహబూబ్‌నగర్ రోడ్డుకు వేగ రవాణా: బస్సు లేను ఎక్కడ పడాలె?

పాలమూరు_పటం (చర్చ మొదలుపెట్టినవారు)

జడ్చర్ల చౌరస్తా నుంచి మహబూబ్‌నగర్ బస్టాండు దాకా 167వ జాతీయ రహదారి సుమారు 16 కిలోమీటర్లు. ఒక కొసన 44వ జాతీయ రహదారి, బాదేపల్లి మార్కెట్, పోలేపల్లి సెజ్. నడుమ దివిటిపల్లి ఐటీ టవర్, దాని పక్కన బ్యాటరీ ఫ్యాక్టరీ. ఇంకో కొసన అప్పన్నపల్లి, మెట్టుగడ్డ, న్యూటౌన్. రోడ్డు నాలుగు వరుసలయినంక రెండు దిక్కులా వెంచర్లే. మహబూబ్‌నగర్ 2025లో కార్పొరేషన్ కూడా అయింది.

ఇప్పుడు ఎవరి నోట విన్నా మెట్రో, ర్యాపిడ్ రైలు, నడిమిట్ల బస్సు లేను (బస్సులకే విడిచిన వరుస). ముడాకు (మహబూబ్‌నగర్ పట్టణాభివృద్ధి సంస్థకు) లిఖితపూర్వకంగా సూచనలు ఇవ్వాలంటే ఏం అడగాలె, ఏ లెక్కలు జోడించాలె? రోడ్డు పని, డిపో పని, రైలు పని తెలిసినోళ్లు చెప్పుండ్రి. "అభివృద్ధి కావాలి" అన్న ఒక్క ముక్క రాసి పంపితే ఫైల్లో పడి ఉంటది.

రోడ్డు_కొలత

ముందు ఒక అంకె తేల్చుకోవాలి: రద్దీ గంటలో, ఒకే దిక్కున, ఎక్కువ ఒత్తిడి ఉన్న ఒక చోటు దాటే మనుషులు ఎందరు? వాహనాలు కాదు, మనుషులు. రోజు మొత్తం మీద లక్ష మంది అన్న అంకెతో ఏ వ్యవస్థా తేలదు.

లెక్క ఎట్లుంటదో చూపడానికి ఊహ అంకెలు వేస్తున్నా. వీటిని ఎక్కడా కోట్ చేయకండి. గంటకు 24 ఆర్టీసీ బస్సులు, ఒక్కోదాంట్లో 60 మంది, అంటే 1,440. సెవెన్ సీటర్ ఆటోలు 60, సగటున పది మంది (పేరుకే సెవెన్ సీటర్), అంటే 600. కంపెనీ బస్సులు 15, నలభై మంది చొప్పున 600. మొత్తం 2,640. బైకులు, కార్ల మీద పోయేవాళ్లలో కొంత భాగం బస్సుకు మారుతుందనుకున్నా మూడు, మూడున్నర వేలు.

కేంద్రం మార్గదర్శకాల ప్రకారం మెట్రోలైట్ (చిన్న, తేలిక రైలు) గంటకు ఒక దిక్కున 15,000 మంది దాకా ఉండే దారులకు, మెట్రో నియో (రబ్బరు టైర్ల మీద నడిచే కరెంటు బండి) 8,000 దాకా ఉండే దారులకు. పూర్తి మెట్రో అంతకు పైన. ఇక ఖర్చు. హైదరాబాద్ మెట్రో రెండో దశకు 2024 నవంబర్‌లో కేంద్రానికి పంపిన ప్రతిపాదన 76.4 కిలోమీటర్లకు 24,269 కోట్లు. కిలోమీటరుకు దాదాపు 318 కోట్లు. అందులో ఎల్బీనగర్ – హయత్‌నగర్ ముక్క 7 కిలోమీటర్ల పైచిలుకే. హయత్‌నగర్‌కే ఇంకా అడుగుతున్న స్థితిలో జడ్చర్లకు మెట్రో అని రాస్తే మన మిగతా సూచనలనూ ఎవరూ పట్టించుకోరు.

2017 మెట్రో పాలసీ ప్రకారం ప్రత్యామ్నాయాల విశ్లేషణ చేసి, బస్సు, తేలిక రైలు ఎందుకు సరిపోవో చూపెట్టాకే మెట్రో అడగాలి. సమాజానికి వచ్చే రాబడి రేటు 14 శాతం దాటాలన్న షరతు కూడా ఉంది. ఈ దారిలో ఆ పరీక్ష మొదటి మెట్టుమీదే ఆగిపోతుంది.

జడ్చర్ల_జంక్షన్

మెట్రో సరే అన్నా. ఢిల్లీ – మీరట్ తీరుగ నమో భారత్ రైలు శంషాబాద్ నుంచి మహబూబ్‌నగర్ దాకా వస్తే?

రోడ్డు_కొలత

ఢిల్లీ – మీరట్ దారి 82 కిలోమీటర్లు, మంజూరైన ఖర్చు 30,274 కోట్లు. కిలోమీటరుకు 370 కోట్ల దరిదాపు. దారి పొడుగునా సాహిబాబాద్, గాజియాబాద్, మోదీనగర్, మీరట్. నిండుగా ఊళ్లున్న దారి. మనకు షాద్‌నగర్ దాటితే బాలానగర్, తర్వాత జడ్చర్ల. పైగా పక్కనే రైలు పట్టా ఉండనే ఉంది.

గేజ్_1676

పట్టా సంగతి వచ్చింది కాబట్టి. సికింద్రాబాద్ – మహబూబ్‌నగర్ 85 కిలోమీటర్ల డబ్లింగ్, విద్యుదీకరణ పూర్తయి 2023 ఏప్రిల్ 8న ప్రారంభమయ్యాయి. ఫలక్‌నుమా – ఉందానగర్ మధ్య ఎంఎంటీఎస్ కూడా ఆ రోజే మొదలైంది. అంటే హైదరాబాద్ వైపు పోయే మనిషికి రెండో పట్టా వేసి ఉన్నది, అడగాల్సింది బండ్లే.

ఇదే పట్టా జడ్చర్ల – మహబూబ్‌నగర్ లోకల్ రాకపోకలకు కూడా చాలదా అని అడుగుతారు. చాలదు. మొదటి కారణం సిగ్నల్. రెండు స్టేషన్ల నడుమ ఒక దిక్కున ఒకే బండి ఉండాలన్న పద్ధతిలో, ముందు బండి అవతలి స్టేషన్ చేరి లైను ఖాళీ అయిందన్న కబురు వచ్చేదాకా వెనుక బండికి దారి లేదు. జడ్చర్ల – దివిటిపల్లి లాంటి బ్లాకులో ప్యాసింజరు బండి ఊపందుకోవడం, ఆగడం, కబురు అందడం అన్నీ కలిపితే పది పన్నెండు నిమిషాలు తేలిగ్గా పోతాయి. నడుమ ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సు దూరాలి. నిజాయితీగా చెప్పాలంటే అరగంటకు ఒక లోకల్ అడగవచ్చు. ఐదు నిమిషాలకొకటి కావాలంటే ఆటోమేటిక్ సిగ్నలింగ్ పడాలి.

రెండోది, స్టేషన్లు రోడ్డు మీద లేవు. జడ్చర్ల స్టేషన్ దిగినోడు హైవే చౌరస్తాకు రావాలంటే మళ్లీ ఆటో. 16 కిలోమీటర్ల ప్రయాణానికి రెండు కొసలా ఆటో ఎక్కితే రైలు ఆదా చేసిన సమయం ఆటో కోసం ఎదురుచూడటంలోనే కరిగిపోతుంది.

కాబట్టి రైలును వేరే పేరాలో రాయండి: పొద్దున, సాయంత్రం మెమూలు (కరెంటుతో నడిచే ప్యాసింజరు బండ్లు) పెంచడం, దివిటిపల్లిలో అన్నీ ఆగేటట్టు చూడటం, ప్లాట్‌ఫారం 840 మిల్లీమీటర్ల ఎత్తుకు లేపడం. ప్లాట్‌ఫారం తక్కువెత్తు ఉన్నచోట ముసలోళ్లు మెట్లు పట్టుకొని ఎక్కేసరికి బండి నిమిషానికి బదులు రెండు నిమిషాలు ఆగుతుంది.

రోడ్డు_కొలత

ఇక అసలు ముచ్చట. బస్సు లేను ఎక్కడ పడాలి?

మన దగ్గర ఇట్లాంటి పథకం గీసినప్పుడల్లా లేను ఎక్కడ పడుతుందో ముందే చెప్పొచ్చు: రోడ్డు ఎక్కడ వెడల్పుగా ఉందో అక్కడ. జడ్చర్ల దాటాక అప్పన్నపల్లి దాకా జాగా ఉంది, ఎవరూ అడ్డం చెప్పరు, కాబట్టి నడుమ పది కిలోమీటర్లు రంగేసి బస్సు లేను అంటారు. ఆ పది కిలోమీటర్లలో బస్సుకు ఇప్పుడు పోయే సమయం ఏమీ లేదు. టాప్ గేరులో పోతూనే ఉంటుంది. సమయం పోయేది జడ్చర్ల చౌరస్తాలో, బాదేపల్లి లోపల, అప్పన్నపల్లి బ్రిడ్జి దగ్గర, మెట్టుగడ్డ నుంచి బస్టాండు దాకా. అక్కడే లేను లేకపోతే మిగతాదంతా ఫొటోకు పనికొస్తుంది.

ఇది వాదనగా రాస్తే ఎవరూ నమ్మరు. వేగం – ఆలస్యం సర్వే చేసి చూపాలి. దానికి కన్సల్టెంటు అక్కర్లేదు. బస్సులో కూర్చొని ఫోన్లో ఏదైనా జీపీఎస్ ట్రాక్ యాప్ నడపండి, సెకనుకొక చుక్క పడేటట్టు పెట్టండి. పొద్దున 8 నుంచి 10, సాయంత్రం 5 నుంచి 7, మామూలు పని రోజుల్లో, రెండు దిక్కులా. తర్వాత ట్రాక్‌ను 500 మీటర్ల ముక్కలు చేసి ఒక్కో ముక్కకు పట్టిన సమయం రాయండి. గంటకు 5 కిలోమీటర్ల కంటే తక్కువ వేగం ఉన్న సెకన్లన్నీ ఆలస్యం కిందికి వస్తాయి. పక్కన ఇంకొకరు కారణం రాయాలి: స్టాపు, సిగ్నల్, ఎదురుగా వచ్చిన బండి, అడ్డం తిరిగే లారీ, టికెట్ల కోసం ఆపుడు. కారణం రాయకపోతే ఆ ట్రాక్ సగమే పనికొస్తుంది. స్టాపులో పోయిన నిమిషాన్ని లేను వేసి వెనక్కి తెచ్చుకోలేం.

టిమ్ము_రోలు

ఆ ఆఖరి కారణం మీద నాలుగు మాటలు. టికెట్ల కోసం ఆపుడు మన దిక్కు చిన్నది కాదు.

పల్లెవెలుగు బస్సు ఊరి నుంచి నిండుగ ఎల్తది. తర్వాత స్టేజీ వచ్చే లోపు కండక్టర్ అందరికీ కొట్టాలె. మహాలక్ష్మి (ఆడోళ్లకు ఉచిత ప్రయాణం) 2023 డిసెంబర్ 9న మొదలైనంక ఆడోళ్లకు కూడా జీరో టికెట్ కొట్టుడు తప్పనిసరి, కార్డు చూసుడు అదనం. ఒక్కొక్కరికి ఐదారు సెకండ్లు ఏసుకున్నా యాభై మందికి ఐదు నిమిషాలు. అందుకే ఊరు దాటంగనే బండి పక్కకు పెట్టి టికెట్లు పూర్తి చేస్తరు. బస్సు లేను వేసినా గా బండి గా లేన్లనే ఆగుతది, వెనక బండ్లన్నీ దాని వెనకనే. కాబట్టి లేను కంటే ముందు బస్టాండుల, మెట్టుగడ్డల, జడ్చర్ల చౌరస్తాల గ్రౌండ్ బుకింగ్ పెట్టాలె. రద్దీ రెండు గంటలు చేతి మిషన్ పట్టుకొని ఒక మనిషి కింద నిలబడి కొడితే చాలు.

ఇంకోటి. సర్వే సర్వే అంటున్నరు గానీ సగం సర్వే టిమ్ములనే (కండక్టర్ టికెట్ మిషన్లనే) ఉన్నది. ఏ స్టేజీల ఎక్కిండ్రు, ఏ స్టేజీకి టికెట్ తీసిండ్రు, ఎన్ని గంటలకు, అన్నీ పడతయి. జీరో టికెట్ వచ్చినంక ఆడోళ్ల ప్రయాణం కూడా పూర్తిగ లెక్కల్లకు వచ్చింది. డిపో మేనేజర్‌ను సమాచార హక్కు కింద "స్టేజీ నుంచి స్టేజీకి, గంట వారీగ, ఫలానా వారం" అని అడగుండ్రి. "ప్రయాణికుల వివరాలు" అని అడిగితే నెల మొత్తం కలిపిన ఒక్క అంకె ఇచ్చి పంపుతరు. టిమ్ముల పడనివి మూడు: పాసులోళ్లు, ఆటోలు, కంపెనీ బస్సులు. వాటికే మనుషులను నిలబెట్టాలె.

రోడ్డు_కొలత

@టిమ్ము_రోలు సరిగ్గా అక్కడే పడ్డారు. స్టాపు సామర్థ్యం లెక్కలో ఇది అంకెలుగా కనిపిస్తుంది. బస్సు ఆగే సమయం 25 సెకన్లు, కదిలి చోటు ఖాళీ చేయడానికి 15 అనుకుంటే మొత్తం 40. గంటకు 3,600 సెకన్లు కాబట్టి 90 బస్సులని కాగితం మీద అనిపిస్తుంది. కానీ బస్సులు వరుస తప్పి గుంపుగా వస్తాయి. అందుకే చోటు 40 శాతం కంటే ఎక్కువ నిండకూడదన్న హద్దు పెట్టుకుంటారు. అంటే 36 బస్సులే. అదే ఆగే సమయం 45 సెకన్లయితే 24. ఇరవై సెకన్ల తేడాకు మూడో వంతు సామర్థ్యం పోయింది.

డిపో_షెడ్యూలు

ఈ వేగం గోల డిపోకు ఎందుకు పట్టాలో ఒక లెక్క. రెండు కొసల మధ్య 16 కిలోమీటర్లు, ఐదు నిమిషాలకొక బస్సు, కొసల దగ్గర ఎనిమిదేసి నిమిషాల విరామం.

సగటు వేగం 20 ఉంటే పోను 48, రాను 48, విరామాలు 16, మొత్తం 112 నిమిషాలు. ఐదుతో భాగిస్తే 23 బస్సులు, విడి బస్సులు రెండు కలిపి 25.

సగటు వేగం 28 అయితే పోను 34, మొత్తం 85 నిమిషాల లోపు. 17 బస్సులు, విడి రెండు కలిపి 19.

ఆరు బస్సులు, వాటి డ్రైవర్లు, కండక్టర్లు మిగులుతారు, లేదా అదే ఖర్చుతో నాలుగు నిమిషాలకొక బస్సు పెట్టొచ్చు. ఆర్టీసీకి రాసే లేఖలో ఇది మొదటి పేరా కావాలి. ప్రయాణికుల సౌకర్యం రెండో పేరా.

గీత_స్కేలు

పటం మీద గీసే పని నాది కాబట్టి వెడల్పుల దగ్గరికి వస్తా.

రోడ్డు నడుమ బస్సు లేన్లు, వాటి నడుమ ఒకటే స్టేషన్, ఇది అందరూ ఊహించే బొమ్మ. స్టేషన్ 4 మీటర్లు, బస్సు లేన్లు 3.5 చొప్పున 7, వేరుచేసే గట్లు అరమీటరు చొప్పున 1, మామూలు బండ్లకు 3.25 చొప్పున నాలుగు వరుసలు 13, ఫుట్‌పాత్ రెండున్నర చొప్పున 5, మురికికాలువలు, కేబుళ్లకు 2. మొత్తం 32 మీటర్లు. నూరడుగుల రోడ్డు ముప్పైన్నరే. స్టేషన్ లేని చోట 28తో సరిపోతుంది, స్టేషన్ ఉన్న చోట పట్టదు.

ఊళ్లో ఎనభై అడుగులు, అంటే 24 మీటర్లు దొరికే చోట ఆ బొమ్మ మరిచిపోండి. ఫుట్‌పాత్‌లు రెండేసి మీటర్లు, కాలువలు ముప్పావు చొప్పున, డివైడర్ అరమీటరు. మిగిలింది 18. ఒక్కో దిక్కుకు 9: బస్సుకు 3.5, మామూలు బండ్లకు 2.75 చొప్పున రెండు వరుసలు. పార్కింగుకు ఒక్క అడుగు మిగలదు. ఇది ఇప్పుడే బయటికి చెప్పాలి. రంగు వేశాక దుకాణదారులకు తెలిస్తే వారం తిరిగేసరికి లేను మీద బైకులే ఉంటాయి.

నడక_దారి

ఫుట్‌పాత్ రెండు మీటర్లంటే ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, చెట్టు, బోర్డు పోగా ఎంత మిగులుతుంది అక్కా?

గీత_స్కేలు

అందుకే దిమ్మెలు కాలువ వరుసలోకి జరగాలి. నడిచే చోటు ఎక్కడా 1.8 కంటే తగ్గకూడదు. ఇక స్టాపు దగ్గర రోడ్డు దాటడానికి ఫుట్ ఓవర్ బ్రిడ్జి పెడతామంటారు, ఒప్పుకోవద్దు. కింద బండ్లకు 5.5 మీటర్ల ఎత్తు వదలాలి, పైన దూలం మందం. మనిషి ఎక్కాల్సింది ఆరున్నర మీటర్లు, 15 సెంటీమీటర్ల మెట్టు లెక్కన 43 మెట్లు. కూరగాయల గంప నెత్తిన పెట్టుకొని ఎవరెక్కుతారు? నేల మీదే, రోడ్డును పది సెంటీమీటర్లు లేపిన దాటు, నడుమ నిలబడే చోటు, సిగ్నల్. అంతే.

జడ్చర్ల_జంక్షన్

నడుమ స్టేషన్ అంటే బస్సు తలుపు కుడి దిక్కు ఉండాలె గదా? మన పల్లెవెలుగులకు ఎడమ దిక్కే.

డిపో_షెడ్యూలు

ఇదే అసలు ముడి. అహ్మదాబాద్ జనమార్గ్ (అక్కడి ప్రత్యేక బస్సు లేన్ల వ్యవస్థ) 2009లో మొదలైనప్పుడు కుడి తలుపు, 900 మిల్లీమీటర్ల ఎత్తు ప్లాట్‌ఫారంతో పోయింది. ఆ బస్సులు ఆ దారికే. హుబ్బళ్లి – ధార్వాడ్‌లో కూడా జంట ఊళ్ల నడుమ 22 కిలోమీటర్ల దారిని ప్రత్యేక బస్సులతో నడిపారు. మన రోడ్డుకు దగ్గరి పోలిక అదే. నడుమ స్టేషన్ల దగ్గర దాటిపోయే వరుస ఉండటం దాని బలం, ఊరి లోపల పక్క లేన్లు ఇరుకయ్యాయన్న గొడవ దాని బలహీనత.

మన దారి మీద జడ్చర్ల లోకల్ ఒక్కటే లేదు. నారాయణపేట, మక్తల్, దేవరకద్ర వైపు నుంచి హైదరాబాద్ పోయే బండ్లన్నీ ఇదే రోడ్డు. కుడి తలుపు స్టేషన్ కడితే వీటిలో ఒక్కటీ దాన్ని వాడుకోలేదు. అప్పుడు నిండు బస్సులు పక్క లేన్లో ఇరుక్కుంటాయి, ఐదు నిమిషాలకొక కొత్త బస్సు ఖాళీ లేన్లో పోతుంది. చూసేవాడికి "లేను ఖాళీగా ఉంది, తీసెయ్యండి" అనిపిస్తుంది.

కాబట్టి ఎడమ తలుపుతోనే వాడుకునే బొమ్మ కావాలి: నడుమ లేన్లయినా స్టాపు బస్సుకు ఎడమ దిక్కున, ఒక దిక్కు స్టాపు చౌరస్తాకు ఇవతల, ఇంకో దిక్కుది అవతల. ఒక్కోటి 3 మీటర్లు. ఎదురెదురుగా రావు కాబట్టి ఏ చోటైనా ఒక్క స్టాపు వెడల్పే తింటుంది. రెండు బస్సులు పట్టే పొడవు 36 మీటర్లు చూసుకోండి.

రోడ్డు_కొలత

ఎడమ స్టాపు, ఏ బస్సైనా రావచ్చన్న పద్ధతి ఢిల్లీ అంబేద్కర్‌నగర్ – మూల్‌చంద్ దారిలో 2008లో పెట్టారు. 2016లో తీసేశారు. చిరాగ్ ఢిల్లీ చౌరస్తాలో దిక్కుకో వంతు, కుడి మలుపులకు వేరే వంతు, బస్సుకు ఇంకో వంతు పెట్టేసరికి సిగ్నల్ చుట్టు (వంతులన్నీ ఒకసారి తిరగడానికి పట్టే సమయం) నిమిషాల కొద్దీ సాగింది, బస్సులు కూడా ఆ వరుసలోనే చిక్కాయి. అదే తప్పు మెట్టుగడ్డలో చేయొద్దు. చుట్టు 90 సెకన్లు దాటకూడదు, వంతులు మూడు దాటకూడదు. కుడి మలుపు తీసేసి 150–200 మీటర్లు ముందు యూటర్న్ ఇవ్వాలి. ఆ యూటర్న్ దగ్గర లారీ తిరగడానికి జాగా ఉందో లేదో కొలవకుండా గీస్తే అది కొత్త చౌరస్తా అవుతుంది.

పాలమూరు_పటం

అప్పన్నపల్లి బ్రిడ్జి సంగతి? పాతదాని పక్కన రెండోది వచ్చినా బస్సు లేనుకు వేరే వరుస ఉండదు. మూడో బ్రిడ్జి అడగాల్నా?

రోడ్డు_కొలత

అవసరం లేదు. బ్రిడ్జి మీద లేను లేకున్నా బస్సును ముందు ఎక్కించొచ్చు. పద్ధతి ఇది:

బ్రిడ్జి ర్యాంపుకు 60 మీటర్ల ముందు బస్సు లేను ఆపేయాలి. అక్కడ మామూలు బండ్లకు ఒక ముందస్తు సిగ్నల్. బస్సు వస్తున్నట్టు తెలియగానే మామూలు బండ్లకు 12 సెకన్లు ఎరుపు. బస్సు ఖాళీ ర్యాంపు మీదికి ఎక్కుతుంది, తర్వాత అందరూ దాని వెనక. బస్సు వస్తోందని తెలియడానికి లేన్లో 80 మీటర్ల ముందు లూప్ తీగ (రోడ్డులో పాతి, మీద పోయే బండిని పసిగట్టేది) వేస్తే గంటకు 30 వేగం మీద దాదాపు 10 సెకన్ల ముందే కబురు అందుతుంది.

మూడు నిమిషాలకొక బస్సు అనుకుంటే 180 సెకన్లలో 12 పోతాయి, ఏడు శాతం లోపు. మామూలు బండ్లకు అదనపు ఆలస్యం అవుతుందని అభ్యంతరం వస్తుంది. ఊరివైపు పోయేటప్పుడు దారిని బిగించేది బ్రిడ్జి కాదు, దాని తర్వాతి చౌరస్తా. అక్కడ ఎట్లాగూ ఆగాల్సిన బండ్లే ఇక్కడ ఆగుతాయి, వరుస జాగా మారుతుంది, ఒక్క బస్సే వరుస దాటుతుంది.

చెడేది ఎక్కడంటే, ఆ వరుసకు జాగా లెక్కపెట్టకపోతే. రెండు వరుసల్లో 40 బండ్లు, ఏడు మీటర్ల చొప్పున 140 మీటర్లు. ఆ 140 మీటర్లలో ఏదైనా వెంచర్ గేటో, పెట్రోలు బంకో ఉంటే అక్కడ అడ్డదిడ్డంగా దూరి సిగ్నల్‌ను పనికిరాకుండా చేస్తారు.

చల్క_నేల

నిర్మాణం దిక్కు నుంచి. బస్సు ఆగే చోట తారు నిలవది. బ్రేకు వేసేకాడ తారు ముందుకు తోసుకుపోయి గుట్ట లేస్తది, చక్రాల కింద గాడి పడతది, ఆ గాడిల వాన నీళ్లు. ఎండాకాలం మన ఎండలకు ఇంకా తొందర. స్టాపు పొడవు, బ్రేకు వేసే ముందు భాగం కలిపి 50 మీటర్లు సిమెంటు కాంక్రీటు వేయించుండ్రి: కింద 150 మిల్లీమీటర్ల డ్రై లీన్ కాంక్రీటు, మీద 280 మిల్లీమీటర్ల ఎం40 గ్రేడు కాంక్రీటు. 3.5 వెడల్పుకు పై పొర ఒక్కటే 49 ఘనపు మీటర్లు. నాలుగున్నర మీటర్లకొక కోత, పలకలను కలిపే డోవెల్ బార్లు (ఇనుప కడ్డీలు). కోత పోసిన మర్నాడు కోద్దామంటే అప్పటికే పగులు తన దారి తాను చూసుకుంటది. ఆ రాత్రే మిషన్ సిద్ధంగ ఉండాలె.

మనది చల్క, కింద బండ. గట్టి నేలే, రోడ్డుకు మంచిదే. కానీ కాలువ, కేబుల్ డక్టు తవ్వేకాడ మీటరు లోతుల బండ తగిలితే రేటు మారుతది. జనం నడుమ పేల్చనియ్యరు, బ్రేకర్‌తోనే కొట్టాలె. టెండర్ల "మట్టి తవ్వకం" అని ఒక్కటే ఐటమ్ పెడితే కాంట్రాక్టర్ ఆడికి ఆపి కూర్చుంటడు. మట్టి, మెత్త రాయి, గట్టి బండ వేరే వేరే ఐటమ్‌లు కావాలె. ట్రయల్ గుంతలు నూరు మీటర్లకొకటి. భగీరథ పైపులు రోడ్డు పక్కనే ఉన్నయి, గుంత తవ్వేముందు వాళ్ల మనిషిని పిలుసుకోవాలె.

గట్టు ముచ్చట: బస్సు లేనుకు పొడుగూతా 150 మిల్లీమీటర్ల గట్టు కట్టి నీళ్లకు సందు మరిచిపోతరు. మొదటి వానకు లేను కాలువైతది. పది మీటర్లకొక సందు. ఇంకా, లేన్ల బస్సు ఆగిపోతే వెనకది బయటికి వచ్చేందుకు రెండు వందల మీటర్లకొకసారి గట్టు వాలుగ దించాలె.

నడక_దారి

విశాఖ, విజయవాడలల్ల బీఆర్టీఎస్ రోడ్డు అని పేరు ఇంకా పిలుస్తరు. బస్సుకు వేరే లేను మాత్రం ఎవరికీ యాదికి లేదు. గట్టు, సందు కంటే ముందు కాపలా ఎవరు చూసుకుంటరో రాయుండ్రి.

టిమ్ము_రోలు

నిజం. బైకును ఏ గట్టూ ఆపదు. చౌరస్తాల దగ్గర లేను మొదట్ల కెమెరా, చలానా, అంతే దారి. ఇంకోటి, ఆటోలకు జాగా ఇయ్యకుంటే అవి స్టాపుల్లనే నిలబడతయి. ప్రతి స్టాపు దాటినంక 30 మీటర్లకు ఐదారు ఆటోల అడ్డా గీసి ఇయ్యుండ్రి. ఆటోవాళ్లను ఎళ్లగొట్టే పథకం ఏదీ నడవదు. వాళ్లు ఊరి లోపలి కాలనీల నుంచి స్టాపు దాకా తెచ్చి దింపాలె.

గీత_స్కేలు

మాస్టర్ ప్లాన్‌లో ఏం రాయించాలో చెప్తా. ఇది ఇప్పుడు కాకపోతే పదేళ్ల తర్వాత కాంపౌండ్ గోడలు కొనాల్సి వస్తుంది.

నడుమ పది కిలోమీటర్లలో ఇప్పుడు లేను వద్దని రోడ్డు_కొలత అన్నది నిజమే, కానీ జాగా ఇప్పుడే కావాలి. కట్టడాల గీత నుంచి గీత దాకా కనీసం 45 మీటర్లు అడగండి: నడుమ పట్టీ 12, రెండు దిక్కులా రహదారి వరుసలు అంచుతో కలిపి ఎనిమిదిన్నర చొప్పున 17, సర్వీసు రోడ్లు ఐదున్నర చొప్పున 11, ఫుట్‌పాత్, కాలువ రెండున్నర చొప్పున 5.

ఉన్న రోడ్డును పగలగొట్టి నడుమ 12 మీటర్లు తీయమని అర్థం కాదు. తర్వాతి విస్తరణలో కొత్త వరుసలు బయటి దిక్కున వేస్తారు, అప్పుడు ఇప్పటి లోపలి వరుసలు బస్సుకు మిగులుతాయి. అందుకని ఇప్పుడు ఏ కల్వర్టు మరమ్మతు వచ్చినా 45 మీటర్ల పొడవుకే కట్టాలని షరతు పెట్టించండి. కల్వర్టు రెండుసార్లు పొడిగిస్తే అతుకు దగ్గర కుంగుతుంది, ఖర్చూ రెండింతలు.

జాగా కోసం డబ్బు లేదంటారు. 2012 నాటి జీవో 168 ప్రకారం రోడ్డు విస్తరణకు పోయే భాగాన్ని యజమాని ఉచితంగా వదిలితే సెట్‌బ్యాక్‌లో (హద్దు నుంచి ఖాళీగా వదలాల్సిన జాగాలో) సడలింపు, బదిలీ చేసుకోదగ్గ అభివృద్ధి హక్కు (వేరే చోట అదనంగా కట్టుకోవడానికో అమ్ముకోవడానికో) లాంటివి ఉన్నాయి. మాస్టర్ ప్లాన్‌లో గీత ఉంటేనే అవి వర్తిస్తాయి. గీత లేకుండా అనుమతులు ఇచ్చుకుంటూ పోతే మిగిలేది 2013 భూసేకరణ చట్టం, దాని పరిహారం.

వెంచర్లకు హైవే మీద నేరుగా గేటు ఇవ్వొద్దు. సర్వీసు రోడ్డులోకే తెరవాలి, సర్వీసు రోడ్డు అర కిలోమీటరుకొకసారి మాత్రమే హైవేలో కలవాలి. ఇది ఒక్కటి సాధిస్తే మిగతా సగం పని అయినట్టే.

జడ్చర్ల_జంక్షన్

జడ్చర్ల చౌరస్తాల ఏం చేయాలె? హైదరాబాద్, కర్నూలు, కల్వకుర్తి, మహబూబ్‌నగర్ బండ్లన్నీ ఆడనే ఎక్కిస్తరు, దించుతరు.

డిపో_షెడ్యూలు

దిక్కుకో స్టాపు చౌరస్తా దాటాక 60–80 మీటర్లకు జరపడం మొదటి పని. చౌరస్తా మూల మీద ఆగే ఒక్క బస్సు ఎడమ మలుపును మొత్తం మూసేస్తుంది. కానీ దిగి ఇంకో దిక్కు బస్సు ఎక్కేవాళ్లు ఎక్కువ కాబట్టి స్టాపుల మధ్య నడక 200 మీటర్లు మించితే వాళ్లు మళ్లీ మూల మీదికే వస్తారు, బస్సు కూడా వాళ్ల కోసం అక్కడే ఆగుతుంది. కొలిచి పెట్టాలి.

పాలమూరు_పటం

సరే, ముందు లెక్కింపు చేద్దాం. షీటులో ఏ గడులు పెట్టాలె?

రోడ్డు_కొలత

ఆరు గడులు చాలు: సమయం (15 నిమిషాల ముక్క), దిక్కు, బండి రకం, బండ్ల సంఖ్య, నిండుదనం గుర్తు, గమనిక. బస్సు నిండుదనానికి తలలు లెక్కపెట్టలేరు. ఐదు గుర్తులు వాడండి: సగం సీట్లు, సీట్లన్నీ నిండినవి, కొందరు నిలబడ్డారు, కిక్కిరిసింది, ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నారు. ఒక్కో గుర్తుకు సగటు ఎంతో ఒక రోజు బస్టాండులో దిగేవాళ్లను లెక్కపెట్టి కట్టుకోవచ్చు. మంగళ, బుధ, గురువారాలు మంచివి. కురుమూర్తి జాతర, మన్యంకొండ ఉత్సవాల రోజులు, దసరా, సంక్రాంతి సెలవుల ముందు వెనక వదిలేయండి. పల్లికాయ సీజన్‌లో బాదేపల్లి యార్డుకు ట్రాక్టర్లు వచ్చే రోజులను మాత్రం వదలొద్దు. అది వేరే షీటు, కానీ కావాలి.

చల్క_నేల

అప్పన్నపల్లి పాయింటుకు ఇద్దరం వస్తం. పాయింటు బ్రిడ్జి మీద పెట్టకుండ్రి, నిలబడేందుకు జాగా లేదు. ఊరి దిక్కు ర్యాంపు దిగినంక ఎడమ పక్క పెట్టుండ్రి, పొద్దున ఎండ వీపు మీద పడతది, బండి ముఖం మంచిగ కనబడతది.